గట్టు మీదికి మళ్ళిన బండ్లు

ఏలూరు బడి వీధికి రెండు చివర్లా ఇనుప గేట్లు పడ్డాక గీతాంజలి ఇంట్లో మళ్ళీ నవ్వు వినిపించడం మొదలైందని కిందటి వారం చెప్పుకున్నాం. రెండేళ్ళ కిందట అదే వీధిలో, సైకిలు మీద బడికి వెళ్తున్న ఆమె కూతురు సాయిదుర్గను చేపల లారీ ఒకటి ఈడ్చుకుపోయింది. పిల్ల బతికింది గానీ కుడికాలు మోకాలి కింద పోయింది. అప్పటి నుంచి గీతాంజలి మందుల షాపును భర్త శ్రీనివాసరావుకు వదిలేసి ఆఫీసుల చుట్టూ తిరిగింది. అడ్వకేటు హేమంత్‌కుమార్ కార్యదర్శిగా కమిటీ కట్టింది. చివరికి గేట్లు పడ్డాయి. లారీలు, బస్సులు ఆ వీధిలోకి రావడం ఆగిపోయింది. జైపూర్ కాలుతో సాయిదుర్గ మొట్టమొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ వీధిలో నడిచి బడికి వెళ్ళింది. ఆమె బడి గుమ్మం ఎక్కిన ఉదయమే, వెనకనున్న కాలువ గట్టు రోడ్డు మీద స్కూలు బస్సు తగిలి అహరోను అనే ఆయన చనిపోయాడని కబురు వచ్చింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి గీతాంజలికి ముద్ద దిగడం లేదు. భూస్థాపన అయిన మర్నాడు మధ్యాహ్నం, షాపులో ఎవరికో మందులు ఇస్తూ ఇస్తూ ఆగిపోయి, చీటీ భర్త చేతిలో పెట్టింది.

“నేను వాళ్ళింటికి వెళ్ళొస్తానండీ.”

శ్రీనివాసరావు ముందు బేరం ముగించాడు. ఆ మనిషి వెళ్ళిపోయాక గొంతు తగ్గించాడు. “ఇప్పుడొద్దు గీతా. ఇంకా మట్టి ఆరలేదు. వాళ్ళు ఏదో ఒక మాటంటారు. నువ్వు పడలేవు.”

“అంటే పడతాను.”

“అయినా గేటుకీ దానికీ ఏంటి సంబంధం? ఆ డ్రైవరు చూసుకోలేదు. అంతే గదా.”

ఆ మాట గీతాంజలీ మూడు రోజులుగా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. అందుకే చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

బడి వీధి ప్రశాంతంగా ఉంది. గేటు పక్క సందులోంచి ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చి, ఆమెను గుర్తుపట్టి తల పంకించాడు. రోజూ ఆ చూపు చూస్తే ఆమెకు కడుపు నిండేది. ఇవాళ తల దించుకుని దాటిపోయింది. వీధి చివర కుడి వైపు తిరిగితే కాలువ గట్టు.

గేట్లు పడ్డాక ఆమె ఒక్కసారి కూడా గట్టు మీదికి రాలేదు. రావలసిన పనీ పడలేదు.

మలుపు తిరగ్గానే పెద్ద హారను. ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయింది. నీళ్ళు కారుతున్న చేపల ట్రేలతో కొల్లేరు వైపు నుంచి వచ్చిన వ్యాను ఆమె చీర కుచ్చెళ్ళు తడుపుతూ పోయింది. దాని వెనక ఆటోలు, ఆటోల వెనక ఇసుక ట్రాక్టరు. ఒక పక్క గుర్రపుడెక్క కమ్మేసిన కాలువ, రెండో పక్క బేతనియ పేట ఇళ్ళు. ఇంటి గుమ్మం దిగితే అడుగు పడేది రోడ్డు మీదే. చాలా ఇళ్ళకు అరుగులే లేవు. ఉన్న చోట కూడా చక్రాలు తగిలి అంచులు పెచ్చులు లేచిపోయాయి. ఒక ఇంటి ముందు పసివాడి నడుముకు పాత చీర చింపి కట్టి, రెండో కొస తలుపు గడియకు ముడేశారు. వాడు ఆ గుడ్డ సాగినంత మేర వచ్చి, రోడ్డు అంచున ఆగి, పోయే బండ్లను చూసి చప్పట్లు కొడుతున్నాడు.

గీతాంజలి ఆ ముడి వంక చూస్తూ నిలబడిపోయింది. ఈ బండ్లన్నీ ఆమెకు తెలుసు. ఆ ట్రాక్టరు తెలుసు, పసుప్పచ్చ బస్సులు తెలుసు. రెండేళ్ళపాటు షాపు గుమ్మంలో నిలబడి ఫోనులో ఫోటోలు తీసి ఆఫీసుల్లో చూపించినవి ఇవే. అవి ఎక్కడికీ పోలేదు. వీధి మారాయి, అంతే.

అహరోను ఇల్లు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు గోడ వారన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. లోపల ఒకటే గది. నేల మీద చాప. చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నావిడ గీతాంజలిని చూసి లేవబోయింది.

“కూచోండి, కూచోండి. లేవకండి,” అంది గీతాంజలి కంగారుగా.

“రండమ్మా. ఆ కుర్చీ లాక్కోండి. చర్చి తరపునొచ్చేరా?”

“కాదండీ.”

“ఐసు ఫ్యాక్టరీ వోళ్ళా?”

అహరోను ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడని గీతాంజలికి అప్పుడే తెలిసింది. చనిపోయిన మనిషి గురించి పేరు తప్ప తను ఏమీ అడిగి తెలుసుకోలేదని కూడా అప్పుడే తోచింది.

“ఊళ్ళోదాన్నేనండీ. సంగతి విన్నాను. చూసి పోదామని వచ్చాను.”

“మంచిదమ్మా,” అంది ఆవిడ. ఆమె పేరు సువర్ణ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది గానీ మాట మాత్రం నెమ్మదిగా, ఇంటికొచ్చిన వాళ్ళతో మాట్లాడే మర్యాదతోనే ఉంది. “మా పాప మంచినీళ్ళకెళ్ళింది. వచ్చేత్తది. మీరు ఎండన పడి వచ్చేరు.”

“నాకేమీ వద్దండీ.”

బయట ఏదో బండి పోయినప్పుడల్లా గోడకు తగిలించిన గిన్నెలు టకటకమంటున్నాయి. సువర్ణ ఆ చప్పుడుకు ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది.

“ఆయన ఫ్యాక్టరీలో నైటు డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చేవారండి,” అంది తనంతట తనే. “ఈ బండ్లు మొదలైన కాడి నుంచీ పేట మొదట్లోనే సైకిలు దిగిపోయేవారు. నిద్ర కళ్ళతో తొక్కితే ఒరిగిపోతానని భయం. అక్కడి నుంచి ఇంటిదాకా నడిపించుకునే వచ్చేవారు. ఆ రోజూ నడిచే వస్తన్నారు. అటు నుంచి బస్సు, ఇటు నుంచి చేపల వ్యాను. ఎటు తప్పుకుంటారండీ? కాలవలోకి దూకాలా?”

గీతాంజలి కళ్ళు గుమ్మం బయట పోతున్న చక్రాల మీద పడ్డాయి.

“చూసినోళ్ళు చెప్పేరు. సైకిలు వదిలేసుంటే బతికేవారంట. వదల్లేదంట. హ్యాండిలుకి పాల ప్యాకెట్టు తగిలించి ఉంది. టీ పెట్టుకుందామని.” పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎవర్నీ పల్లెత్తు మాట అనే మనిషి కాదండి. బండ్లన్నీ మన మీదకి తోలేసేరని పేటంతా గోల పెడితే ఆయనేవన్నారో తెలుసా అండీ? ‘ఆ వీధిలో లారీ కింద ఓ ఆడపిల్లకి కాలు పోయిందంట గదా. మన సలోమి కన్నా చిన్నదంట. వాళ్ళమ్మ ఎంత ఏడ్చుంటదో. కొన్నాళ్ళు ఓర్చుకుందాం, ఇటు కూడా ఏదో ఒకటి చేస్తారు’ అన్నారు.”

గీతాంజలికి కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. నోరు తెరిచింది.

అప్పుడే గుమ్మంలో బిందె దించిన చప్పుడైంది. సలోమి లోపలికొచ్చింది. తాడేపల్లిగూడెంలో నర్సింగు చదువుతున్న పిల్ల. పొడుగ్గా, సన్నగా, నిద్ర లేని కళ్ళతో ఉంది. గీతాంజలిని ఒక్క చూపు చూసింది.

“అమ్మా, ఈవిడెవరో తెలుసా?”

“ఊళ్ళో ఆవిడంట. పలకరించడానికొచ్చేరు.”

“మందుల షాపు మేడం. గేటు వేయించినావిడ.”

సువర్ణ ముఖంలో ఏ మార్పూ రాలేదు. చాలాసేపు గీతాంజలిని చూసింది. ఆ చూపులో కోపం వెతుక్కుంది గీతాంజలి. దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు.

“అయితే ఆ పాప మీ పాపా?” అంది సువర్ణ.

“అవునండీ.”

“నడుత్తందా?”

“నడుస్తోందండీ. కాలు పెట్టించాం.”

“దేవుడి దయ,” అంది సువర్ణ, నిజంగానే.

ఆ రెండు మాటలూ విన్నాక గీతాంజలి ఆపుకోలేకపోయింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సలోమి ఆమె ఏడుపు ఆగేదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆగాక అంది: “ఏడవకండి మేడం. మిమ్మల్ని కూడా ఊరడించే ఓపిక మా అమ్మకి లేదు.”

“సలోమీ,” అంది తల్లి.

“ఉండమ్మా. మేడం, మేము మీ కోసం వచ్చేం. మీకు తెలుసా? గేట్లు పడిన కొత్తలోనే. మా నాన్న, నేను, పేటలో ఇంకొంతమంది. గేటు తీసెయ్యమని కాదు. ఇక్కడ రెండు స్పీడు బ్రేకర్లు వేయించండి, బడి టైములో బస్సుల్ని బైపాసు మీదుగా తిప్పమని మీరు కూడా ఒక మాట చెప్పండి అని. మీ మాట వింటారని. మీరు షాపులో లేరు. హేమంత్‌కుమార్ గారి దగ్గరికెళ్తే కమిటీలో పెడతానన్నారు. పెట్టేరా?”

“లేదు,” అంది గీతాంజలి. “నాకు తెలీదమ్మా. ఒట్టు. నాకు ఎవరూ చెప్పలేదు.”

“అడగండి మరి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. మా ముందరే.”

గీతాంజలి ఫోను తీసింది. హేమంత్‌కుమార్ గొంతు కోర్టు అలవాటు వల్ల ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఆ చిన్న గదిలో అందరికీ వినిపించింది.

“చెప్పండి గీతాంజలి గారూ. ఎక్కడున్నారండీ?”

“పేట వాళ్ళు మీ దగ్గరికి వచ్చారటగదా. స్పీడు బ్రేకర్ల కోసం.”

“ఆ, వచ్చేరండీ. మీతో అనలేదు. అంటే మీరు మెత్తబడిపోతారని. మీ మనసు నాకు తెలీదా? ఒక్కసారి మనం సందు ఇస్తే గేటు విషయం మళ్ళీ మొదటికొస్తుంది. లారీల వాళ్ళు దాని కోసమే కాచుకుని ఉన్నారు.”

“బండ్లన్నీ ఇటొస్తాయని మీకు ముందే తెలుసా?”

“భలేవారండీ. మీకూ తెలుసు గదా. ఇంజనీరు గారు మ్యాపు పరిచి చూపించేరు. బైపాసు మీదుగా అయితే చుట్టు తిరుగుడని బస్సుల వాళ్ళు ఒప్పుకోలేదు. గట్టు మీదుగా తోలితే అడ్డుచెప్పేవాళ్ళు ఎవరూ ఉండరన్నారు. మీరు నా పక్కనే కూచుని ‘సరేనండీ’ అన్నారు.”

గీతాంజలికి ఆ గది గుర్తొచ్చింది. ఫ్యాను గాలికి లేచిపోతున్న మ్యాపు, దాన్ని నొక్కిపెట్టిన ఇంజనీరు చెయ్యి. ఆయన వేలు కాలువ వెంబడి నీలం గీత మీదుగా జరిగింది. తను ఆ వేలి వంక చూడలేదు. గేటు పడే చోట ఎర్ర సిరాతో పెట్టిన గుర్తు వంకే చూస్తూ కూర్చుంది. ఆయన ఏదో అడిగాడు. సరేనంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి కూతురికి మిఠాయి తినిపించింది.

“వింటున్నారా? రేపు పొద్దున్న పేట వాళ్ళు వచ్చి గేటు పీకేస్తారని నా చెవిన పడింది. మీరేం కంగారు పడకండి. నేను చూసుకుంటాను,” అని హేమంత్‌కుమార్ ఫోను పెట్టేశాడు.

సలోమి ముఖం పక్కకి తిప్పుకుంది. అంతదాకా నిప్పులు కక్కుతున్న పిల్ల ఒక్కసారిగా అలిసిపోయినట్టు గుమ్మంలోనే కూలబడింది.

“నేను తప్పు చేశానమ్మా,” అంది గీతాంజలి.

“చేసేరండి,” అంది సలోమి మామూలుగా. “నిజమే, రేపొస్తన్నాం. పేటంతా. బడి గంట వేళకి.”

“గేటు పీకేస్తే మళ్ళీ లారీలు వస్తాయి. బడి పిల్లలు... మీ పేట పిల్లలు కూడా ఆ బడికే వస్తారు కదమ్మా. ఇక్కడ కూడా వేయిద్దాం. నేను తిరుగుతాను. రేపే వెళ్తాను ఆఫీసుకి. నా పాపకి తిరిగినట్టే తిరుగుతాను.”

“మీకెంత కాలం పట్టింది మేడం?”

“రెండేళ్ళు.”

“మీకు షాపు ఉంది. అడ్వకేటు గారున్నారు. పేపర్లో మీ పాప ఫోటో వేసేరు. మీకే రెండేళ్ళు. మాకెన్నేళ్ళు పట్టుద్ది? ఈలోపు ఇంకెంతమంది పోవాలి?”

రెండేళ్ళలో ఎంతమంది అధికారులకు ఎదురు నిలిచి మాట్లాడిందో, ఎన్ని మాటలు నేర్చుకుందో, ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు. గేటు ఉంచితే ఈ గుమ్మాల ముందు చావు. తీస్తే ఆ బడి ముందు చావు. ఆ బండ్లను ఊరి బయట నుంచి తిప్పమని అడగాల్సిన రోజున తను అడగలేదు. ఇప్పుడు అడిగితే వినేవాళ్ళు లేరు.

“పాపా, ఊరుకో,” అంది సువర్ణ కూతురితో. తర్వాత గీతాంజలి వైపు తిరిగింది. “రేపు నేను కూడా వత్తానమ్మా. గేటు పీకుతానికి నాకు చేతుల్లో సత్తువ లేదు. అక్కడ నిలబడతాను. మీరూ రండి. ఎటు నిలబడతారో మీ ఇష్టం. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను. ఆయన ఉంటే అననిచ్చేవారు కాదు.”

ఆ మంచితనం కన్నా చెంపదెబ్బ నయమనిపించింది గీతాంజలికి. నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

బడి విడిచే వేళ దగ్గర పడింది. దూరంగా బస్సుల ఇంజన్లు వేడెక్కుతున్న మోత. వచ్చిన దారిన, ఆ గోడల వెంట, ఆ గుమ్మాల్లోని చూపుల ముందు నుంచి నడిచి వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు. పేట చివర కాలువ మీద మనుషులు నడిచి దాటే సన్న ఇనుప వంతెన ఉంది. దాన్ని దాటి, అవతలి ఒడ్డున చుట్టు తిరిగి ఇల్లు చేరింది. దారిలో ఒకటే అనుకుంది. సాయిదుర్గకు చెప్పాలి. ఎలా చెప్పాలి? నువ్వు నడుస్తున్న దారి ఇంకొకరి ప్రాణం మీద వేసిందని పదిహేనేళ్ళ పిల్లకు ఏ మాటల్తో చెప్తారు?

ఇంటి ముందు శ్రీనివాసరావు నిలబడి ఉన్నాడు. షాపు మూసేసి వచ్చాడు. ఎప్పుడూ నిదానంగా ఉండే మనిషి చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద అటూ ఇటూ చూస్తున్నాడు.

“సాయి నీకు ఎదురు పడలేదా?” అన్నాడు ఆమెను చూస్తూనే.

“సాయా? బళ్ళో లేదూ?”

“నువ్వెళ్ళిన కాసేపటికే వచ్చేసింది. ఆ రోజు ఆ బస్సులో ఉన్న పిల్లలు దాని క్లాసులోనూ ఉన్నారంట. చూసిందంతా చెప్పుకుని ఏడ్చేరంట. ఇదీ ఏడుస్తా వచ్చి పడుకుంది. ఇందాక హేమంత్‌కుమార్ గారు ఫోను చేసేరు. నీతో మాట్లాడేక.” ఆయన మళ్ళీ రోడ్డు చివరిదాకా చూశాడు. “రేపు పొద్దున్న సాయిని గేటు ముందు కుర్చీ వేసి కూచోపెట్టమన్నారు. ఆ కాలు తీసేసి, కనపడేట్టు. పిల్లని అలా చూస్తే పేట వాళ్ళు ఎవరూ గేటు మీద చెయ్యి వెయ్యరంట. నేను ఏవనాలో తెలీక వింటా నిలబడ్డాను. వెనకాల ఇది వచ్చి నిలబడింది. మొత్తం వింది.”

“ఏమంది?”

“‘నా కాలు చూపించి వాళ్ళ నోరు మూయిస్తారా నాన్నా?’ అంది. నేను లేదమ్మా లేదమ్మా అంటూనే ఉన్నాను. ‘ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్ళొస్తా’ అని, పెరట్లో పడున్న సైకిలు తీసింది. ఆపబోతే చెయ్యి విదిలించుకుంది. కాలు పోయాక సైకిలెక్కలేదు గదా, రెండడుగులేసి పడిపోతుంది, పట్టుకుందాంలే అనుకున్నాను. పడలేదు గీతా. తొక్కుకుంటా వెళ్ళిపోయింది.”

“ఎటు?”

“గట్టు మీదికే. నువ్వూ ఆ దారినే వస్తావు గదా, ఎదురవుతుందనుకున్నాను.”

గీతాంజలి వెనక్కి తిరిగి పరుగెత్తింది. వీధి చివరిదాకా వచ్చేసరికి బడి గంట మోగింది. గేటు అవతల, వరసగా నిలబడ్డ పసుప్పచ్చ బస్సుల్లో మొదటిది కదిలి, హారను కొట్టుకుంటూ గట్టు మలుపు తిరిగింది.